చలిగాలిపై విచారణ

మా కర్లింగ్ క్లబ్బులో దగ్గు, జ్వరాల నివారణకు సమస్త ఏర్పాట్లూ పూర్తయ్యాయని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఆట రాళ్ళను మందునీళ్ళతో తుడిచాం. చీపురు కర్రలకు స్నానాలు చేయించాం. కరచాలనం నిషేధించి, మోచేతులు తాకించుకోమన్నాం. మోచేయి మోచేతికి అందాలంటే ముఖాలు ఎంత దగ్గరికి రావాలో ఎవరూ అడగలేదు కనుక మేమూ చెప్పలేదు.

ఇక గాలి. అందులో ఏమీ లేదని కార్యవర్గం ఏకగ్రీవంగా తేల్చింది.

కెనడాలోని సస్కాచువాన్ మైదాన ప్రాంతంలో, ముక్కు రాలిపోయే చలిలో, రేకుల షెడ్డులో మంచు పరిచి ఆడే ఆట ఈ కర్లింగ్. ఒకరు రాయిని జారుస్తారు. ఇద్దరు దాని ముందు మంచును చీపుళ్ళతో రుద్దుతూ పరుగెత్తుతారు. మిగతా ఊరంతా "ఊడ్చండి, ఊడ్చండి" అని గొంతు చించుకుంటుంది. ప్రతి అరుపూ తెల్లటి ఆవిరై, పక్కవారి ఆవిరితో కలిసి, తలుపులు మూసి ఉండటం వల్ల ఎటూ పోలేక ఊరి ఉమ్మడి ఆస్తిగా వేలాడుతుంది.

శనివారం పక్క ఊరితో ఫైనల్. మా ఆశంతా ఇడా కొవాల్‌చుక్ మీద. ఒకప్పుడు మా బడి పంతులమ్మ. ఆపరేషన్ తర్వాత ఆవిడకు మిగిలింది ఒకే ఊపిరితిత్తి. ఇంకో జ్వరం వస్తే అదీ దక్కదని డాక్టరు చెప్పాడు. అందుకే పక్క తలుపు తీసి ఉంచమని కోరింది. పూటంతా మంచు మీద నిలబడే మాకు చలిగాలంటే చచ్చేంత భయం.

మంచు పక్కనే సభ పెట్టారు. అధ్యక్షులు గార్త్ వీబ్ లేచారు.

"కనపడని దానికి భయపడితే బతికినట్టే, టీచరమ్మా. మన నోట్లోంచి మాటలు తప్ప ఇంకేం వస్తాయి చెప్పండి."

చెబుతున్నంతసేపూ ఆయన నోటి నుంచి తెల్లటి పొగ వచ్చి ముందు వరుసలో ఉన్న నా మీద వాలింది. నేను చప్పట్లు కొట్టాను.

"ఒరే గార్త్, నాలుగో తరగతిలోనూ నీకు ఎదురుగా ఉన్న బోర్డు కనపడేది కాదు. ఆ పొగ ఎవరిదిరా?" అంది ఇడా.

"అది చలి, టీచరమ్మా."

అయినా ఆవిడ సందేహాన్ని కార్యవర్గం శాస్త్రీయంగా తీర్చింది. హీటర్లు పెంచింది. పొగ మాయమైంది. గాలి శుద్ధి అయిందని గోడకు ప్రకటన అంటించారు.

శనివారం ఇడా ఎవరినీ అడగలేదు. పక్క తలుపు తీసి, మఫ్లరు చుట్టుకుని గుమ్మం బయటే నిలబడింది. తన వంతు వచ్చినప్పుడే లోపలికి వచ్చి రాయి జార్చింది. చివరి రాయితో కప్పు మా ఊరికి తెచ్చింది. మేమంతా కౌగిలించుకుని అరిచాం. ఆవిడ బయటి నుంచే చెయ్యి ఊపింది.

వారం తిరక్కుండా ఊరంతా మంచం పట్టింది, ఇడా తప్ప. విచారణ సంఘం దగ్గుతూనే సమావేశమై నిజం తేల్చింది. ఊరికి చలిగాలి తగిలింది. తలుపు తీసింది ఇడా. ఆమె నిక్షేపంగా ఉండటమే అందుకు సాక్ష్యం. సభ్యత్వం రద్దు.

ఇడా తన చీపురు అప్పగించింది. "బతికుండటం తప్పయితే, ఆ తప్పు ఇంకొన్నాళ్ళు చేస్తానురా" అంది. నాకు సిగ్గేసింది. అయినా తీర్మానం మీద సంతకం పెట్టాను.

చదివి నవ్వుతున్నారు కదా, సంతోషం. మీ ఇంట్లోనూ ఎవరో దగ్గుతున్నట్టున్నారు. లేచి ముందు ఆ కిటికీ మూసి రండి.