వెనక సీటు పరీక్ష

ఆ ఆదివారం ఉదయం డ్రైవింగ్ మాస్టారు వేసుకున్న పథకంలో లోపమంటూ ఏదీ లేదు. కనీసం ఆయనకు ఏదీ కనిపించలేదు. గురువుగారు పొద్దున రైలుకు దిగుతారు. మాస్టారు స్టేషన్‌కు వెళ్ళి ఆయన్ని కారెక్కించుకుంటారు. ఇల్లు చేరేలోగా అసలువాడో నకిలీవాడో తేల్చేస్తారు. అసలువాడైతే అమ్మను ఆయన వెంట పంపాలి, నకిలీవాడైతే అదే కారులో తీసుకెళ్ళి మళ్ళీ రైలెక్కించాలి. సాయంత్రం తన కూతురి పెళ్ళి మాటల కోసం అబ్బాయి తండ్రి వస్తున్నాడు కాబట్టి, ఆలోపే గురువు సంగతి తేలిపోవాలి.

మాస్టారి తల్లికి గురువులు అచ్చిరాలేదు. మొదటాయన ఫలానా రోజున లోకం అంతమైపోతుందని చెబితే, ఆవిడ ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ పంచిపెట్టేసింది. లోకం ఎక్కడికీ పోలేదు, చలికాలం మాత్రం వచ్చింది. రెండో ఆయన మౌనం గొప్పతనం గురించి గుక్క తిప్పుకోకుండా పొద్దుగూకేదాకా మాట్లాడి, మధ్యలో దగ్గినవాళ్ళ మీద విరుచుకుపడ్డాడు. ఇప్పుడు ఈ మూడో ఆయన. ఈయన్ని ఆవిడ కళ్ళతో చూసింది లేదు. ఫోన్‌లో వచ్చే ప్రసంగాలు వింటుంది, అంతే. తెల్లబట్టలు కడతాడట, భుజానికి గుడ్డసంచీ తప్ప మరేమీ ఉండదట, ఫోటో కూడా దిగడట. ఆ నిరాడంబరత్వానికే ఆవిడ పడిపోయింది. కొండమీద ఉన్న ఆయన ఆశ్రమానికి వెళ్ళిపోయి, ఇక అక్కడే ఉండిపోతానంటోంది.

ఆ మాట విన్నప్పటి నుంచి మాస్టారికి అన్నం సయించడం లేదు. ఆవిడ లేని ఇల్లు ఆయన ఊహకు అందలేదు. అయినా వద్దనలేదు. ఒక్క షరతు పెట్టారు. "నేను పరీక్ష చేస్తానమ్మా. నెగ్గితే నీ సామాను నేనే మోస్తాను."

తల్లి ఒప్పుకుంది. మొదటి దర్శనానికి ముందు తలుపులు మూసుకుని మౌనంగా ఉండాలని గురువుగారి నియమం. పిలుపు వచ్చేదాకా బయటికి రానని చెప్పి, ఆవిడ తెల్లవారకముందే గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది.

మనుషుల్ని పోల్చుకోవడంలో తనను మించినవాడు లేడని మాస్టారికి గట్టి నమ్మకం. ఏళ్ళ తరబడి స్టీరింగ్ పక్క సీట్లో కూర్చుని ఆయన కనిపెట్టిన సూత్రం ఒకటుంది. మనిషి అసలు రంగు రోడ్డు మీద బయటపడుతుంది. స్టీరింగ్ చేతిలో ఉన్నవాడిది కొంచెం ఆలస్యంగా, వెనక సీట్లో కూర్చున్నవాడిది వెంటనే. కోపం రానివాడే గురువు. అందుకని ఆయన కారు నడపడానికి తన శిష్యుల్లో అందరికంటే ఘనురాలైన పోస్ట్‌మాస్టరమ్మను పిలిచారు. ఆవిడ కుట్టుమిషను తొక్కినట్టు క్లచ్ తొక్కుతుంది. లైసెన్సు పరీక్షకు ఎన్నిసార్లు వెళ్ళిందో అడగడం మర్యాద కాదు.

భార్యకు కూడా పని అప్పగించారు. గురువుగారు రాగానే వరండాలో ప్లాస్టిక్ స్టూలు వేయాలి. కాఫీలో చక్కెర బదులు ఉప్పు కలపాలి. పాపం కదా అని ఆమె అంటే, అసలైనవాడు నవ్వుకుంటూ తాగుతాడని మాస్టారు తేల్చేశారు.

స్టేషన్ బయట జనం పలచబడ్డాక, దీపస్తంభం కింద తెల్లబట్టల్లో, భుజాన గుడ్డసంచీతో, బట్టతల మనిషి ఒకాయన ప్రశాంతంగా నిలబడి కనిపించాడు. మాస్టారు దగ్గరికి వెళ్ళి, మా ఇంటికి వస్తున్నది మీరేనా అని అడిగారు.

"అవునండి. మీరు డ్రైవింగ్ మాస్టారే కదా? మీరే స్వయంగా వస్తారనుకోలేదు" అని ఆయన చేతులు జోడించాడు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆయన అబ్బాయి తండ్రి. సాయంత్రం రావలసినవాడు, పని తొందరగా ముగిసిందని పొద్దున బండికే బయలుదేరి, ఆ సంగతి మాస్టారి భార్య ఫోన్‌కు పంపాడు. ఆ ఫోను పడకగదిలో చార్జింగ్‌లో ఉంది. ఆమె వంటింట్లో ఉంది.

పోస్ట్‌మాస్టరమ్మ కారు కదిలించింది. కారు కప్పలా రెండు గెంతులు గెంతి ఆగింది. మళ్ళీ గెంతింది. మాస్టారు కావాలనే నోరు మెదపకుండా, తనవైపున్న బ్రేకు మీద కాలు పెట్టుకుని, అద్దంలో వెనక సీటును గమనిస్తూ కూర్చున్నారు. నాలుగు రోడ్ల కూడలిలో వలయం చుట్టూ తిరగడం మొదలుపెట్టిన కారు, బయటికి వచ్చే దారి దొరక్క తిరుగుతూనే ఉంది. గానుగెద్దు నయం. అవతలి బండ్లవాళ్ళు హారన్లు మోగించారు, కిటికీల్లోంచి చేతులూపారు. పోస్ట్‌మాస్టరమ్మ నుదుటి మీద చెమట పట్టింది.

వెనక సీట్లోంచి మెల్లగా మాట వినిపించింది. "అమ్మా, మీకు భయంగా ఉందా? నాకూ ఉంది. ఇంకో చుట్టు తిరుగుదాం, తొందరేం లేదు. ఎడమవైపు ఖాళీ దొరకగానే నేను చెబుతాను."

ఆయన చెప్పాడు, ఆవిడ తిప్పింది, కారు బయటపడింది. మాస్టారి గుండెల్లో రాయి పడింది. పరీక్ష నెగ్గేటట్టున్నాడు. అంటే అమ్మ వెళ్ళిపోతుంది. దాంతో ఆయన ఇంకో మెట్టు దిగి, మాటల్లోనే కారం చల్లారు.

"మీలాంటివాళ్ళని చాలామందిని చూశానండి. మా ఇంటి మనిషిని తీసుకుపోదామని వచ్చారు. మా దగ్గర ఇంకా ఏం లాగుదామనుకుంటున్నారు?"

ఆయన నొచ్చుకున్నట్టు కనిపించాడు. అయినా గొంతు పెంచలేదు. "ఏమీ వద్దండి. మనిషి వస్తే చాలు. అదీ తనకి ఇష్టమైతేనే."

"తన చేత అక్కడ వంటలూ చాకిరీ చేయిస్తారా?"

"వంట నేనే చేస్తానండి మా దగ్గర."

మాస్టారు దారి మార్చారు. గురువును కదిలించలేకపోతే సరుకు మీద విసుగు పుట్టించాలి. ఆ మనిషికి మోకాళ్ళ నొప్పులున్నాయనీ, నాలుగు మెట్లెక్కితే కూలబడిపోతుందనీ చెప్పారు.

ఆయన గతుక్కుమన్నాడు. కొడుకు ఈ సంగతి చెప్పినట్టు లేదు. అయినా తాము ఉండేది కింది అంతస్తేనన్నాడు.

"గురక పెడుతుంది. పక్కగదిలో కూడా నిద్రపట్టదు."

"పర్వాలేదండి, మావాడు మొద్దునిద్ర పోతాడు."

మావాడంటే ఎవరో శిష్యుడు కాబోలనుకుని మాస్టారు ఆఖరి బాణం వేశారు. "పళ్ళు కూడా సగం కట్టించినవేనండి."

ఈసారి వెనక సీట్లో ఆయన కిటికీ బయటికి చూశాడు, సంచీని గుండెలకు హత్తుకున్నాడు. చివరికి చాలా నెమ్మదిగా, "మనిషి మంచిదైతే చాలు కదండీ" అన్నాడు.

మాస్టారికి కళ్ళు చెమర్చాయి. ఇంతటివాడి దగ్గరికి అమ్మను పంపకపోతే పాపం చుట్టుకుంటుందనిపించింది. ఆ సమయంలోనే పోస్ట్‌మాస్టరమ్మ కారును వానగుంటలో దింపింది. ఎవరూ అడక్కుండానే ఆయన దిగి, వెనక నుంచి తోశాడు. చక్రం గిర్రున తిరిగి, తెల్లబట్టలు నల్లబడేదాకా బురద చిమ్మింది.

ఇంటి దగ్గర కథ ఇంకోలా నడుస్తోంది. భార్య తీరిగ్గా ఫోన్ చూసుకునేసరికి, అబ్బాయి తండ్రి పొద్దున బండికే వస్తున్నట్టు తెలిసింది. కంగారుగా భర్తకు ఫోన్ చేసింది. నేర్పే కారులో ఫోన్ ఎత్తకూడదన్నది ఆయన నియమం. ఇంతలో గుమ్మం ముందు టాక్సీ ఆగి, తెల్లబట్టలు, గుడ్డసంచీతో ఒక మనిషి ముఖం గంటుపెట్టుకుని దిగాడు. స్టేషన్‌కు ఒక్కరూ రాలేదేమని అడిగాడు. కాబోయే వియ్యంకుడికి మొదటి రోజే అవమానం జరిగిపోయిందని ఆమె హడలిపోయి, క్షమాపణల మీద క్షమాపణలు చెప్పి, భర్త తప్ప ఎవరూ కూర్చోని మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టింది. సాయంత్రానికని తెప్పించిన కేకు అప్పుడే కోసింది. ఏసీ వేసింది, ఆయన చాలదంటే ఫ్యాను కూడా వేసింది.

మాటలు కలపడానికి, మీకు ఎందరు పిల్లలండీ అని అడిగింది.

ఆయన కేకు నములుతూ కళ్ళు మూసుకున్నాడు. "లెక్కపెట్టలేదమ్మా. ఊరికి పదిమంది ఉంటారు. దేశదేశాల్లో ఉన్నారు."

ఆమె చేతిలోని ప్లేటు బల్ల మీద పెట్టేసింది. మరి వాళ్ళ అమ్మగారు ఎలా ఉన్నారని మర్యాద కొద్దీ అడిగితే, ఆ బంధాలన్నీ ఎప్పుడో తెంచేశానని చెప్పి, రెండో ముక్క అందుకున్నాడు. పెళ్ళయ్యాక మా పిల్ల మీ దగ్గర సుఖపడుతుందాండీ అని ఆమె అడిగింది. పిల్లలైనా పెద్దలైనా నా దగ్గరికి వచ్చినవాళ్ళు ఇక వెనక్కి వెళ్ళరని ఆయన అభయమిచ్చాడు.

అప్పుడే కారు వచ్చి ఆగింది. బురదలో ముంచి తీసినట్టున్న మనిషిని మాస్టారు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి వరండాలో నిలబెట్టారు. అనుకున్న ప్రకారం భార్య ప్లాస్టిక్ స్టూలు వేసి, ఉప్పు కాఫీ చేతికిచ్చి, భర్తను వంటింట్లోకి లాక్కుపోయింది.

"ఈ సంబంధం మనకొద్దండీ. ఆయనకి ఊరికి పదిమంది పిల్లలట. భార్యని వదిలేశాడట. దాచుకోకుండా కేకు తింటూ చెబుతున్నాడు."

"ఎవరు?"

"ఎవరేంటి, అబ్బాయి తండ్రి. హాల్లో మీ కుర్చీలోనే కూర్చున్నాడు."

మాస్టారు వంటింటి గుమ్మంలోంచి హాల్లోకి చూశారు. తర్వాత వరండాలోకి చూశారు. మోకాళ్ళ నొప్పులు, గురక, కట్టుడు పళ్ళు ఒక్కొక్కటే గుర్తుకొచ్చి ఆయన మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. బంగారంలాంటి పిల్లను, మందుల షాపులో నిలబడి రోజంతా పనిచేసే పిల్లను, సగం పళ్ళు లేనిదాన్ని చేసి కాబోయే మామగారికి అప్పజెప్పి వచ్చారు.

హాల్లోంచి గొంతు వినిపించింది. కేకు మీద చెర్రీ పండ్లు తక్కువయ్యాయని గట్టిగా విసుక్కుంటోంది. ఆ గొంతును రోజూ ఫోన్‌లో వినే మనిషి ఇంట్లో ఒకరున్నారు. గడియ తీసిన చప్పుడైంది. మాస్టారి తల్లి బయటికి వచ్చి, కుర్చీ ముందు చేతులు జోడించి నిలబడింది.

దాంతో ఎవరు ఎవరో అందరికీ తెలిసిపోయింది. ఈ మర్యాదలు వియ్యంకుడికి చేయవలసినవని భార్య నోరు జారింది. గురువుగారు ప్లేటు పక్కన పెట్టేశారు. అయితే తన కోసం ఏ ఏర్పాట్లు చేశారని అడిగారు. మాస్టారు సహజంగా అబద్ధం ఆడలేని మనిషి. వరండాలోని స్టూలును, కాఫీని చూపించారు.

గురువుగారి ముఖం ఎర్రబడింది. ఈ ఇంటికి శ్రేయస్సు లేదన్నారు, ఈ ఇంట్లో ఉన్నవాళ్ళకి పుట్టగతులుండవన్నారు. తల్లి ఓపిగ్గా అంతా విని, ఆయన ఊపిరి పీల్చుకున్నప్పుడు ఒక్క మాట అడిగింది. "మరి మా కోడలు పెళ్ళి మాటలు మాట్లాడుతుంటే, నేను ఆయన్ని కాదమ్మా అని మీరు చెప్పలేదేం?"

"గురువు చేసే ప్రతి పనిలో పరీక్ష ఉంటుంది. ప్రశ్నించినవాళ్ళు ఓడిపోయినట్టే. వస్తే ఇప్పుడే రావాలి, లేకపోతే ఆ తలుపు నీకు మళ్ళీ తెరుచుకోదు."

ఆవిడ వరండాలోకి నడిచి, స్టూలు మీద కూర్చున్న బురద మనిషి ముందు ఆగింది. ఆయన కాఫీ సగం తాగేశాడు.

"మావాడు నిన్ను ఇన్ని బాధలు పెట్టాడే నాయనా, నీకు కోపం రాలేదా?"

"ఎందుకు రాలేదమ్మా. కూడలి దగ్గరే వచ్చింది. ఈ కాఫీ తాగాక ఇంకా వచ్చింది. మా అబ్బాయి మీ మనవరాలంటే ప్రాణం పెట్టేశాడు, అందుకని మింగాను." ఆయన మాస్టారి వైపు తిరిగాడు. "కోపం రానివాడే మంచివాడని మాత్రం అనుకోకండి బావగారూ. కావలసినది దొరికేదాకా ఎవరైనా ఓర్చుకుంటారు. ఇవాళ నేను ఓర్చుకోలేదా?"

తల్లి కొడుకును పిలిచింది.

"అబ్బాయ్, నా సామాను విప్పెయ్. అడగ్గానే ఉన్నదున్నట్టు చెప్పే మనిషి ఇంటికే వచ్చాడు. ఇక కొండెక్కడం దేనికి?"

గురువుగారిని స్టేషన్‌లో దింపే బాధ్యత పోస్ట్‌మాస్టరమ్మ సంతోషంగా తీసుకుంది. ఈసారి పక్కసీట్లో మాస్టారి దగ్గర పనిచేసే ఇంకో ట్రైనర్ కూర్చున్నాడు. కూడలి దగ్గర రెండో చుట్టులోనే గురువుగారు తలుపు తీసుకుని దిగిపోయారట. దిగేముందు తనను అన్న మాటలు ఆయన ఏ ప్రసంగంలోనూ విన్నట్టు లేదని ఆవిడ తిరిగొచ్చి చెప్పింది.

ఆ సాయంత్రం మందుల షాపు నుంచి వచ్చిన మనవరాలు, కాబోయే మామగారు తన మోకాళ్ళ వైపు, పళ్ళ వైపు అదేపనిగా ఎందుకు చూస్తున్నారో తెలియక ఇబ్బంది పడింది. కారులో చెప్పినవన్నీ తన తల్లి గురించని మాస్టారు ఒప్పుకున్నాక, ఆయన పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాడు. పెళ్ళి కుదిరింది.

అప్పటి నుంచి మాస్టారి తల్లి రోజూ పొద్దున్నే వియ్యంకుడికి ఫోన్ చేసి, చావు గురించీ పుట్టుక గురించీ, మనసు నిలవకపోవడం గురించీ తన సందేహాలన్నీ అడుగుతోంది. ఆయన సగానికి పైగా ప్రశ్నలకు నాకు తెలియదమ్మా అంటాడు. మిగిలినవాటికి, నేనైతే ఇలా చేస్తాను, మీరు ఆలోచించుకోండి అంటాడు. ఇంతటి గురువు తనకు ఇంతవరకూ దొరకలేదని ఆవిడ అందరికీ చెబుతోంది.

ఆ వియ్యంకుడి భార్య మాత్రం పెళ్ళయిన నాటి నుంచి ఇంతవరకూ దేనికీ ఆయన్ని సలహా అడగలేదు.