హంతకుడి కింద పెన్సిల్ చుక్క

“ఒరేయ్, ఈ ఊళ్ళో కళ్ళున్నవాళ్ళు లక్షమంది ఉన్నారు. చూపున్నవాడు ఒక్కడే. వాడిప్పుడు నీ ఎదురుగా నిలబడ్డాడు!”

సోమవారం పొద్దున లైబ్రరీ తాళం తీసి నేనింకా కిటికీలైనా తెరవకముందే నా మిత్రుడు ఈ ప్రకటన చేశాడు. ఎదురుగా నిలబడ్డానన్నాడే గాని, నిజానికి అతను నిలబడింది నా కాలి మీద. ఆ సంగతి మాత్రం అతని చూపుకి ఆనలేదు.

అతన్ని అందరూ భూతద్దం అంటారు. బజారు మలుపులో కళ్ళజోళ్ళ షాపు నడుపుతాడు. చదివేది ఒకే ఒక్క రచయితని. ఆయన రాసినవి నలభై ఒక్క డిటెక్టివ్ నవలలు. నలభై ఒకటీ మా లైబ్రరీలో ఉన్నాయి, నలభై ఒకటీ భూతద్దానికి కంఠతా వచ్చు. వాటిని పేర్లతో పిలవడు, నంబర్లతో పిలుస్తాడు. “పన్నెండులో వాన సీను చదివితే మనకి జలుబు చేస్తుందిరా” అంటాడు. రచయితని మాత్రం గురువుగారు అంటాడు. ఇలాంటి శిష్యుడొకడున్నాడని గురువుగారికి తెలియదు. అదృష్టవంతుడు.

ఆ శనివారం సాయంత్రం మా లైబ్రరీలో ‘నా అభిమాన రచయిత’ అనే సభ పెట్టుకున్నాం. ప్రసంగం భూతద్దానిది. దానికోసం నవలలన్నీ మళ్ళీ తిరగేస్తుంటే అతని కంట నేరం పడింది.

“ఇది చూడు,” అని ఏడో నవల పదహారో పేజీ నా ముక్కుకి ఆనించాడు. ఒక పేరు కింద నువ్వుగింజంత పెన్సిల్ చుక్క.

“చుక్క,” అన్నాను.

“రక్తపు చుక్క! ఆ పేరెవరిది?”

“కంపౌండరుది.”

“ఏడులో హంతకుడెవరు?”

“కంపౌండరే.”

“పద్దెనిమిదిలో చుక్క మేనమామ కింద. హంతకుడు మేనమామ! ఇరవై ఆరులో కవలల్లో చిన్నవాడి కింద. హంతకుడు చిన్నవాడు! ఇలా ఇరవై మూడు నవలల్లో ఉందిరా. గురువుగారు మూడొందల పేజీలు చెమటోడ్చి దాచిన హంతకుణ్ణి ఎవడో పదహారో పేజీలోనే పట్టిచ్చేస్తున్నాడు. ఇది హత్యలనే హత్య చెయ్యడం. శనివారం సభలో, అందరి ముందూ వాణ్ణి వేలెత్తి చూపిస్తాను. చుక్కలు పెట్టినవాడికి పట్టపగలే చుక్కలు చూపిస్తాను!”

“ఎవరెవరు ఏ పుస్తకం తీసుకెళ్ళారో రిజిస్టర్లో ఉంటుంది కదా, ఒకసారి...”

“రిజిస్టరు చూడటం గుమాస్తాల పని. డిటెక్టివు మనుషుల్ని చూస్తాడు.”

గుమాస్తాని కాబట్టి నేను చూశాను. ఆ నవలలన్నీ చదివినవాళ్ళు తొమ్మిదిమంది. అందులో భూతద్దం ఉన్నాడు, నేనున్నాను. తక్కిన ఏడుగురిలో ఎవరిమీదా అనుమానపడాలని నాకు అనిపించలేదు. పుస్తకాల్లో రాతలు రాస్తే సభ్యత్వం రద్దు చేస్తామని గోడ మీద బోర్డుంది. అది నేను రాసిందే. రాసినప్పుడు, దాని అవసరం వస్తుందని అనుకోలేదు.

మంగళవారం భూతద్దం వేలిముద్రల కోసం పుస్తకాల మీద టాల్కం పౌడరు చల్లాడు. ముద్రలు పడలేదు గాని తుమ్ములు పడ్డాయి. అవీ నావే. బుధవారం షాపులో లెన్సులు కొలిచే పరికరం మోసుకొచ్చి, ముప్ఫయ్యో నవలలో ఒక చుక్కని అరగంట కొలిచాడు.

“ఎడమచేతి వాటం. పొడగరి. మనసులో ఏదో పాత పగ ఉంది.”

ఆ చుక్క లేచి, ఎగిరి, కిటికీ అద్దం మీద వాలింది.

“సాక్షి పరారీ,” అని డైరీలో రాసుకున్నాడు.

చివరికి అతని అనుమానం రిటైర్డు హెడ్మాస్టరు గారి మీద వచ్చి ఆగింది. ఆయన చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు ఉంటుంది. దినపత్రికలో అచ్చుతప్పులు కనబడితే అది లైబ్రరీ పత్రికని కూడా చూడకుండా దిద్దేస్తారు. గురువారం మధ్యాహ్నం ఆయన లైబ్రరీలోంచి బయటికి నడవగానే భూతద్దం నల్లకళ్ళజోడు పెట్టుకుని వెనకాల బయల్దేరాడు. షాపులోంచి తెచ్చిన కొత్త జోడు. కుడి అద్దం మీద కంపెనీ స్టిక్కరు అలాగే ఉంది. అందుకని ఆ మధ్యాహ్నం జరిగిందంతా అతను ఎడమ కంటితోనే చూశాడు. తర్వాత అతను చెప్పగా నేను విన్నది ఇది.

హెడ్మాస్టరు గారు రెండు వీధులు దాటి, ఒక మూడంతస్తుల భవనం మెట్లెక్కారు. భూతద్దం మునివేళ్ళ మీద ఎక్కాడు. రెండో అంతస్తు దగ్గర ఆయనకి ఏదో మరిచిపోయినట్టు గుర్తొచ్చి గిరుక్కున వెనక్కి తిరిగారు. భూతద్దానికి పైప్రాణాలు పైనే పోయాయి. పక్కన ఓరగా తెరిచిన తలుపొకటి కనిపిస్తే అందులో దూరి, లోపలి పరదా వెనక నక్కాడు.

పరదాకి అవతల గదిలో ఒక ఆడమనిషి గొంతు పుస్తకం చదువుతోంది. పన్నెండో నవల! వాన సీను! ఇన్‌స్పెక్టరు మాటలకి గొంతు గరగరలాడిస్తోంది, ఇంటి యజమానురాలికి ముక్కుతో మాట్లాడుతోంది, తోటమాలికి నత్తి పెడుతోంది. భూతద్దం ఆ నవల ఎన్నిసార్లు చదివాడో లెక్కలేదు. అయినా నిలబడ్డవాడు నిలబడ్డట్టే గోడకి జారి, నేల మీద చతికిలబడి, గడ్డం కింద చేతులు పెట్టుకున్నాడు. హెడ్మాస్టరు గారు ఏమయ్యారో, కేసు ఏమయిందో, బజారులో తెరిచి వదిలేసిన షాపు ఏమయిందో అతనికి గుర్తు లేదు. అలా ఇరవై నిమిషాలు. అంతలో గొంతు ఒక వాక్యం మధ్యలోంచి ఇంకో వాక్యం మధ్యలోకి దూకింది.

“అమ్మా! రెండు పేజీలు అంటుకున్నాయి!” అని పరదా అరిచింది. “తడిసిన చెప్పుల సంగతి వదిలేశారు! అది లేకపోతే కథే లేదు!”

జవాబుగా పన్నెండో నవలే గాల్లో ఎగిరొచ్చి అతని ముక్కుని తాకింది.

“పుస్తకం విసరకు, చిరుగుతుంది,” అన్నాడు కిటికీ దగ్గర పడక్కుర్చీలో ఉన్న పెద్దాయన నింపాదిగా. “కళ్ళజోళ్ళ షాపతనే. ఇందాకట్నుంచీ అక్కడే కూర్చుని ఊపిరి పీలుస్తున్నాడు. ముక్కు దిబ్బడ. చెబితే నువ్వు చదవడం ఆపేస్తావని ఊరుకున్నా.”

భూతద్దం పరదా పక్కకి తప్పించి బయటికొచ్చాడు. ఆయన్ని గుర్తుపట్టాడు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన మనిషి. ఒకప్పుడు ఏడాదికోసారి షాపుకొచ్చి అద్దాలు మార్పించుకునేవాడు. ఆరేళ్ళుగా రావడం లేదు. ఎదురుషాపుకి వెళ్తున్నాడనుకుని భూతద్దం అప్పట్నుంచీ ఆయన మీద కోపంగా ఉన్నాడు.

“మీరు... మా షాపుకి...”

“ఇంక కళ్ళజోడుతో పనిలేకుండా పోయిందయ్యా. నరాలు దెబ్బతిన్నాయన్నారు. ఇప్పుడు నా కళ్ళు ఈవిడే.”

భూతద్దం వంగి కింద పడ్డ పుస్తకం తీశాడు. తెరుచుకున్న పేజీలో ఒక పేరు కింద చుక్క. బల్ల మీద పెన్సిలు. అతనిలోని డిటెక్టివు ఒక్కసారిగా నిద్రలేచాడు.

“పట్టుకున్నా! చుక్క పెట్టేది మీరే! ఈ చుక్క ఎవరి కింద ఉందంటే, ఇదుగో...”

పెద్దావిడ ఒక్క అంగలో వచ్చి అతని నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది. అలాగే వంటింట్లోకి ఈడ్చుకెళ్ళింది.

“నీకు పుణ్యముంటుంది, ఆ పేరు పైకి అనకు బాబూ,” అంది గుసగుసగా. “ఈ నవల ఆయన ఇంకా వినలేదు. చూపు పోయాక మొదటి పుస్తకం చదివి వినిపించినప్పుడు, నేను ముందే చదివేసి ఉన్నా కదా, హంతకుడు వచ్చినచోటల్లా నా గొంతు వణికింది. ‘వీడే కదూ’ అని ఆయన సగంలోనే అనేశారు. అన్నాక ఆ మొహం ఎంత చిన్నబోయిందో! చూపుతో పాటు ఇదీ పోయిందన్నట్టు. అందుకని చుక్క పెట్టుకుంటా. చుక్క కనిపిస్తే గొంతు జాగ్రత్త అని నాకు గుర్తు. తర్వాత చెరిపెయ్యాలనే అనుకుంటా, మరిచిపోతా. మీ లైబ్రరీలో బోర్డు చూశా. నా కార్డు తీసేస్తారా?”

భూతద్దం వంటింట్లోంచి ఇవతలికొచ్చాడు.

“ఏమిటయ్యా,” అన్నాడు పెద్దాయన, “ఏదో పట్టుకున్నానని కేకేశావు?”

“జలుబండీ,” అన్నాడు భూతద్దం. “జలుబు పట్టుకుంది.”

శుక్రవారం నలభై రెండో నవల వచ్చింది. అట్ట విప్పని కొత్త పుస్తకం. తీసుకునేవాళ్ళ వరసలో మొదటి పేరు భూతద్దానిది, ఆర్నెల్ల నుంచీ. వచ్చి, దాన్ని రెండు చేతులతో ఎత్తి, వాసన చూసి, మళ్ళీ నా బల్ల మీద పెట్టేశాడు.

“ముందు ఆ టెలిఫోన్ పెద్దాయన ఇంటికి ఇవ్వు,” అన్నాడు. అప్పుడు చెప్పాడు నాకు పైన చెప్పిందంతా.

శనివారం సభకి ఇరవై రెండుమంది వచ్చారు. మా సభలకి అది జనసముద్రం. కారణం, ‘పుస్తకాల నేరస్థుడి బండారం బయటపెట్టబడును’ అని భూతద్దం సోమవారమే గేటుకి కాగితం అంటించాడు. అది విని పై ఆఫీసు నుంచి తనిఖీ అధికారి కూడా వచ్చి మొదటి వరసలో కూర్చున్నాడు. మూడో వరసలో పెద్దాయన, పెద్దావిడ. ఆవిడ చీరకొంగు వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది.

“ఎవరండీ పుస్తకాలు పాడుచేసింది?” అన్నాడు అధికారి. “పేరు చెప్పండి, ఇక్కడే కార్డు రద్దు చేద్దాం.”

భూతద్దం లేచాడు. పద్దెనిమిది పేజీల ప్రసంగం చేతిలో ఉంది.

“నాకు తెలియలేదు,” అన్నాడు.

“గట్టిగా చెప్పవయ్యా!” అన్నారు హెడ్మాస్టరు గారు.

“నాకు తెలియలేదండీ! ఓడిపోయాను!”

సభ అంతా గొల్లున నవ్వింది. అధికారి గడియారం చూసుకున్నాడు. పాతికేళ్ళుగా ఎరిగిన మనిషి ఓడిపోయానన్న మాట అనడం నేను మొదటిసారి విన్నాను. అనడానికి ఎంత కష్టపడ్డాడో అతని చెవులు చూస్తే తెలుస్తోంది, ఎర్రగా కందిపోయాయి. నవ్వులు ఆగేదాకా నిలబడి, కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“గురువుగారి తెలివి గురించి పద్దెనిమిది పేజీలు రాసుకొచ్చానండీ. అది చదవాలని లేదిప్పుడు. ఇన్నాళ్ళూ నేను ఆయన నవలలు పందెం కాసినట్టు చదివాను. హంతకుణ్ణి ఆయన కంటే ముందు పట్టుకోవాలని. మొన్న ఒకచోట ఎవరో చదువుతుంటే విన్నాను. తెలిసిన కథే. అయినా కదల్లేకపోయాను. మన దగ్గర ఒక సంగతి దాచిపెట్టడానికి ఒక మనిషి ఇంత కష్టపడతాడా అనిపించింది. మనమంటే ఎంతో ఇష్టముంటే గాని అంత శ్రద్ధగా దాచరండీ. అంతే.”

అని కూర్చున్నాడు. కుర్చీ రెండడుగులు పక్కన ఉంది.

సభ అయ్యాక పెద్దాయన అతని చెయ్యి పట్టుకుని మెట్లు దిగుతూ గొంతు తగ్గించాడు.

“అబ్బాయ్, నీకొక్కడికే చెబుతున్నా, ఎవరితోనూ అనకు. ముప్ఫై ఏళ్ళు చెవులతోనే ఉద్యోగం చేశాను. మా ఆవిడ అందరికీ గొంతులు మారుస్తుందా? ఒక్కడి దగ్గర మాత్రం మరీ జాగ్రత్తగా, నున్నగా, ఏమీ ఎరగనట్టు చదువుతుంది. వాడే హంతకుడు! ఆరేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు. చివర్న ‘అరె, వీడా!’ అంటాను. ఆవిడ సంతోషం చూడాలి... వినాలి. ఇదిగో, ఇవాళ మొదలుపెట్టిన కొత్త నవలే తీసుకో. వంటవాడు. రాసిపెట్టుకో!”

భూతద్దం తిన్నగా నా దగ్గరికొచ్చాడు. “ఎవరితోనూ అనకన్నారు కాబట్టి నీకొక్కడికే చెబుతున్నా,” అని చెప్పి, మెట్ల మీద కూలబడ్డాడు. “ఆర్నెల్లు ఎదురుచూశానురా! పదహారో పేజీ కూడా కాదు, అట్టయినా తియ్యకుండానే వంటవాడు!”

తర్వాత గురువారం పెద్దావిడ పుస్తకం తిరిగి తెచ్చింది. నా బల్ల మీద పెట్టి, నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“మా ఆయన బోల్తా పడ్డారండీ!”

“అయ్యో, ఎక్కడ?”

“వంటవాడి దగ్గర. ఆయనకి ముందే తెలిసిపోతోందని నాకు తెలియదనుకున్నారు. ఆరేళ్ళుగా ‘అరె, వీడా’ అని ఒకే శ్రుతిలో అంటుంటే ఎవరికైనా తెలుస్తుంది. ఆయన ముచ్చట నేనెందుకు కాదనాలని ఊరుకున్నా. ఈసారి మాత్రం ఉండబట్టలేదు. వంటవాడి మాటలు కావాలని నున్నగా చదివా, అసలువాణ్ణి అందరితో పాటూ గరగరలాడించా. నిన్న చివరి పేజీలో కుర్చీలోంచి లేచి నిలబడ్డారు! ‘దగా! మళ్ళీ మొదట్నుంచీ చదువు’ అని ఒకటే గొడవ. ముందు ఆ కళ్ళజోళ్ళ అబ్బాయికి ఇవ్వండి. పాపం, మాకోసం వరస వదులుకున్నాడు.” గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. “చుక్క చెరపడం మళ్ళీ మరిచిపోయానండోయ్!”

బోర్డు రాసిన చేత్తోనే నేను సొరుగులోంచి రబ్బరు తీశాను. ఒక కన్ను మూసుకుని, రెండో కంటిని చుక్క మీదే ఉంచి, పైన ఉన్న పేరు చూడకుండా చెరిపాను. నేనూ ఇంకా ఆ నవల చదవలేదు మరి.

సాయంత్రం భూతద్దం వచ్చి పుస్తకాన్ని చావు కబురు అందుకున్నట్టు అందుకున్నాడు. “చదివి ఏం లాభం, వంటవాడేగా,” అని ఉసూరుమంటూ వెళ్ళాడు. నేను రిజిస్టర్లో అతని పేరు రాసుకున్నాను.

మర్నాడు పొద్దున నేను వచ్చేసరికి లైబ్రరీ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ముందురోజు చొక్కాయే. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. మొహం మాత్రం, పరీక్ష తప్పాననుకుని వెళ్ళి జాబితాలో తన పేరు చూసుకున్నవాడి మొహంలా ఉంది.

“ఒరేయ్! వంటవాడు కాదురా! అసలు హంతకుడు...”

“చెప్పకు!” అని చెవులు మూసుకున్నాను.

భూతద్దం నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. మెడ నరాలు తాళ్ళలా పైకి లేచాయి. చివరికి గుటకేసి, పుస్తకం నా చేతిలో పెట్టాడు.

“చదువు,” అన్నాడు.