ఆరు నెలల వాన

హెలెనా అక్కకు నెలకో కేసెట్టు మాట్లాడి పంపిస్తానని విలియం నరసాపురం స్టేషన్లో మాటిచ్చాడు. తల్లి పోయాక అతణ్ణి పెంచింది ఆవిడే. "ఉత్తరాల్లో నీ గొంతు వినపడదురా," అని ఒకటే ఏడుపు.

ఆస్ట్రేలియా వచ్చి, డార్విన్ ఊళ్లో ఆసుపత్రి ల్యాబులో చేరి ఏడాదైంది. వెళ్లిన కేసెట్టు ఒక్కటే. మిగతా నెలలన్నిటికీ 'రేపు' అడ్డొచ్చింది.

1990 జనవరిలో ఒక శనివారం, వాన ఇంటికప్పును దంచుతుంటే, అతను ఆరు ఖాళీ కేసెట్లు పేర్చుకుని కూర్చున్నాడు.

"ఏంటండీ, కొట్టు పెడుతున్నారా?" అంది భార్య మరియరాణి.

"జులై దాకా సరిపడా ఈ రోజే ఫినిష్ చేసేస్తా. నెలకొకటి పోస్టు చేసెయ్."

"మాటల్ని కూడా ఆవకాయలా జాడీకెత్తుతారన్నమాట."

"నిలవుంటేనే రుచి, రాణీ."

"టీ చల్లారిపోతోంది."

ఆ మాట ఆవిడ కేసెట్టుకోసారి అంది. మొదటిదాంట్లో అతను కులాసా చెప్పాడు. రెండోదానికే కబుర్లు అయిపోయాయి. అక్కణ్ణుంచి వాన గురించే చెప్పాడు.

ఆగస్టులో అక్క కేసెట్టొచ్చింది.

"ఏరా తమ్ముడూ, బైబిల్లో నోవహు వాన కూడా నలభై రోజుల్లో వెలిసింది. మీకు ఆరు నెలలేంట్రా? రాణీ, వాడు ఆ టీ ఇంకా తాగలేదామ్మా?"

బయట మూడు నెలలుగా చుక్క లేదు. మరియరాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. టేపులో అక్క ఆగలేదు.

"తెలిసీ అవే రోజూ పెట్టుకు విన్నాన్లే. ఇకమీదట అడిగేది నేను, చెప్పేది నువ్వు. ఆదివారానికో ప్రశ్న. ఇవాళ ఏం కూర?"

తర్వాత మాటల్లేవు. అక్క కాచుకుని ఉన్నట్టు చిన్న దగ్గు.

"వంకాయ," అన్నాడు విలియం, తనకు తెలియకుండానే.

పై ఆదివారం నుంచి, చర్చి నుంచి రాగానే మరియరాణి ఒక రికార్డర్లో అక్కను పెట్టేది. పక్కింటి లీల ఇచ్చిన రెండోదాంట్లో మొగుడి జవాబు పట్టేది.

"రేపు చెప్తాలే."

"ఆ మాట ఆవిడతోనే అనండి."

అనలేకపోయాడు. "అక్క మాత్రం అన్నీ ఒక్కసారే రికార్డ్ చెయ్యలేదూ?" అని సణిగాడు.

"ఆవిడ నిలవ పెట్టింది ప్రశ్నలండీ. జవాబులు కాదు."

చెప్పులు తెగితే కుట్టించావా, పాటల్లో గొంతు కలుపుతున్నావా, తలకు నూనె రాస్తున్నావా. వారం వారం చెప్పాడు. అక్టోబరుకల్లా రికార్డరు ముందు కుర్చీ తనే వేసుకుంటున్నాడు.

డిసెంబరులో చివరి ప్రశ్న వచ్చింది. "నేను గుర్తొస్తానా?"

విలియం కుర్చీ రికార్డరు దగ్గరికి జరుపుకున్నాడు. తర్వాత మొదలుపెట్టాడు. బడికి పంపేటప్పుడు అక్క చేత్తో తన గడ్డం పట్టుకుని పాపిడి తీసిన సంగతి, ఆ చేతికి చేపల వాసన వస్తోందని తను మొహం తిప్పుకున్న సంగతి, ఇక్కడ చేపల బజారుకెళ్తే కొనకుండా ఊరికే నిలబడే సంగతి.

అక్క టేపు ఎప్పుడో టక్కుమని ఆగిపోయింది. అతను చెబుతూనే ఉన్నాడు. మరియరాణి చప్పుడు కాకుండా రెండోదాంట్లో కేసెట్టు తిరగేసింది.