కెమెరా కుడి

ఆ ఉదయం ఫొటోగ్రాఫర్ ప్లాను చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా స్టూడియో తెరవాలి, పదింటికి ఓ పెద్ద కుటుంబానికి గ్రూప్ ఫొటో తియ్యాలి. ఎనిమిదిన్నరకి భార్య పొత్తికడుపు పక్కన చెయ్యి పెట్టుకుని "అమ్మో" అంటూ కూలబడింది. ఆయన ఎదురుగా నిలబడి, ఆ చెయ్యి ఎటుందో తేరిపార చూసి, ఆస్పత్రికి ఫోన్ చేశాడు.

"పొట్ట కింద, కుడి పక్కనండీ!"

ముప్పయ్యేళ్లుగా ఆయన కుడి అంటే కెమెరా కుడి. ఆయన "కుడికి జరగండి" అంటే ఎడమకి జరగాలని ఆ వీధిలో పెళ్లికొడుకులక్కూడా తెలుసు. పాపం, ఆస్పత్రివాళ్లు ఆయన దగ్గర ఎప్పుడూ ఫొటో దిగలేదు. వాళ్లకి కుడి అంటే రోగి కుడే.

"అపెండిక్స్ అయ్యుంటుంది. మంచినీళ్లు కూడా తాగనివ్వకండి!" అంది నర్సు.

అంబులెన్స్ రానే వచ్చింది. దారి పొడుగునా ఆవిడ మొత్తుకుంటూనే ఉంది. "అటు కాదండీ, నాకు నొప్పి ఎడమ పక్కన!"

"కంగారులో కుడి ఎడమలు కూడా తెలీట్లేదు," అని ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ కుడి పక్క నొక్కింది. "నొప్పుందా?"

"అస్సల్లేదు!"

డాక్టరమ్మ మొహం మారిపోయింది. నొప్పి ఉన్నట్టుండి మాయమైతే అపెండిక్స్ పగిలిందేమోనని అనుమానించాలట. ఆ మాట వినగానే ఫొటోగ్రాఫర్ డాక్టరమ్మ ముందుకి ఉరికాడు. "ఆవిడ లేకపోతే నేను లేనండీ, ఎలాగైనా బతికించండి!"

"నేను బానే ఉన్నాను మొర్రో!" అంటున్న ఆవిడను స్కానింగ్ గదిలోకి తోసుకుపోయారు.

అరగంటకి డాక్టరమ్మ బయటికొచ్చింది. "అపెండిక్స్ శుభ్రంగా ఉంది. నొప్పి ఎడమ పక్కనే. ఆవిడ నిన్న మీ స్టూడియోలో లైటు స్టాండు ఎత్తారట, కండరం పట్టేసింది."

ఆయన తల దించుకున్నాడు.

"కానీ కుడి కిడ్నీ గొట్టంలో రాయి అడ్డంపడి ఉంది. ఇంకో రెణ్ణెల్లు ఊరుకుంటే చడీచప్పుడు లేకుండా కిడ్నీ పోయేది. మీరు ఎడమ అని చెప్పుంటే పూత మందు రాసిచ్చి పంపేసేదాన్ని."

ఆయన డాక్టరమ్మకి దణ్ణం పెట్టాడు, నర్సుకి పెట్టాడు, ఆఖరికి స్కానింగ్ మిషన్‌కీ పెట్టేశాడు. పొద్దుట్నించీ తిట్టాలని కాచుక్కూచున్న భార్య ఆయన చెయ్యి పట్టుకుని బావురుమంది.

మర్నాడు రాయి తీసేముందు నర్సు మార్కర్ పట్టుకొచ్చి, "ఏ పక్కనమ్మా?" అని అడిగింది. ఫొటోగ్రాఫర్ హుషారుగా నోరు తెరిచాడు.

ఆవిడ గబుక్కున ఆ నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "మీ మేలు ఈ జన్మలో మర్చిపోనండీ. ఇప్పుడు మాత్రం నోరెత్తకండి."