ఒకటో నంబరు సీసా

కాలవ చేపల్లో విషం ఎక్కడ దాక్కున్నా మెడ పట్టి బయటికి లాగుతానని మంత్రి చంద్రరావు గారు రామచంద్రపురంలో మైకు ముందు ప్రకటించారు. అందరికీ రక్తపరీక్షలు. ఎవరి రక్తంలో విషం ఎక్కువ తేలితే వాళ్ల గుమ్మానికి ఎర్రబోర్డు. ఆ ఇంట ఆరు నెలలు చేప అమ్మకూడదు, వండకూడదు. బోర్డు ముందే రాయించేశారు. ఆయన ముందుచూపు అలాంటిది.

పీఏ అచ్చిబాబు గుండెల్లో మాత్రం రాయి పడింది. చేపలమ్మే నాగదుర్గ ఇల్లు కాలవ గట్టు మీదే, తినేదీ రెండు పూటలా ఆ చేపలే. బోర్డు పడితే ఆవిడ ఇంట్లో పొయ్యి వెలగదు. పాపం, అతనికి జాలేసింది.

"నేను తినేది చిత్తపరిగెల్లాంటి చిన్న చేపలేనండి," అంది నాగదుర్గ అతనితో బెంగగా. "పెద్ద వాలుగ పడితే మంత్రిగారింటికే కదండి. పదేళ్ల నుంచీ మీరే కదండి మోసుకెళ్తారు."

పరీక్షలు చేసే ఆఫీసరు రమ్యశ్రీ మంత్రిగారికి విడమరిచి చెప్పింది.

"నీళ్లలో విషం కొంచెమేనండి. దాన్ని నాచు పీల్చుకుంటుంది. నాచుని చిన్న చేపలు, వాటిని పెద్ద చేపలు తింటాయి. ఒంట్లోంచి ఓ పట్టాన పోదు కాబట్టి పైకెళ్లేకొద్దీ పోగవుతుందండి."

"కింద నుంచి పైకి చేరడం మన దగ్గర మామూలేగా," అన్నారాయన. పరిపాలన తెలిసిన మనిషి.

జనం సూదికి జంకుతుంటే ముందు ఆయనే చెయ్యి చాపారు. "సీసా మీద ఒకటో నంబరు వెయ్యమ్మా. ఎందులోనూ నేను రెండోవాణ్ని కాదు." చప్పట్లు మోగాయి.

పది రోజులకి ఫలితాల సభ. పారదర్శకత కోసం మంత్రిగారు కాగితం ముందుగా చూడనన్నారు. నాగదుర్గ ఓ మూల ఒదిగి కూర్చుంది. పొద్దున పడ్డ అయిదు కేజీల వాలుగ పక్కనే తట్టలో ఉంది.

"అరవై నాలుగో నంబరు, నాగదుర్గ. మూడు. లిమిట్ లోపేనండి," చదివింది రమ్యశ్రీ. నాగదుర్గ కళ్లు తుడుచుకుంది.

"అందరికన్నా ఎక్కువ ఎంత?" అడిగారు మంత్రిగారు.

"నలభై ఒకటండి."

"అమ్మో. ఆ మనిషి ఎంతటివాడైనా సరే, బోర్డు ఇక్కణ్నించే బయల్దేరాలి. అచ్చిబాబూ, బోర్డు తియ్యి. నంబరు చెప్పమ్మా."

"ఒకటండి."

మైకు కాసేపు గుయ్యిమంది. మంత్రిగారు మంచినీళ్లు అడిగారు.

అచ్చిబాబు బోర్డు చంకలో పెట్టుకున్నాడు. నాగదుర్గ అలవాటు కొద్దీ తట్ట అందిస్తే రెండో చేత్తో అందుకున్నాడు. ఎక్కడికని ఎవర్నీ అడగలేదు. పదేళ్లుగా నడిచిన దారే.