రాక్షసబల్లి సాధన సమితి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రజలకు తరతరాలుగా జరిగిన ఘోర అన్యాయం 1994 వేసవిలో వెలుగులోకి వచ్చింది. ఆదిలాబాద్ జిల్లా రాళ్లలో పొడుగు మెడ రాక్షసబల్లి ఎముకలు దొరికాయనీ, మన దగ్గర ఒక్కటంటే ఒక్క బొక్క కూడా లేదనీ ఎవరో పేపర్లో చదివి చెప్పారు. మిర్యాలగూడ రైసుమిల్లు యజమాని వెంకటనర్సయ్యకు ఆ పూట అన్నం సయించలేదు. సాయంత్రానికల్లా ఆయన అధ్యక్షతన రాక్షసబల్లి సాధన సమితి ఏర్పడింది.

సమితిలో అభిప్రాయభేదాలు వచ్చాయి. రాకపోతే అది సమితి ఎట్లా అవుతుంది? బల్లి దొరికితే పొట్టభాగం మిల్లులున్న మిర్యాలగూడకే చెందాలని అధ్యక్షులు, తల కోదాడకు రావాలని కాంట్రాక్టరు జవహర్ పట్టుబట్టారు. తమకు తోకే మిగిలిందని తెలిసి సూర్యాపేట సంపూర్ణ బంద్ పాటించింది. చివరికి అందరూ ఏకమై మునగాల దగ్గర హైవే మీద బైఠాయించారు. లారీలు బారులు తీరాయి. ప్రభుత్వం దిగివచ్చి ఒక శాస్త్రవేత్తను పంపింది.

ఆ పక్క తండాలోనే గౌరీబాయి అనే ఆమె కృష్ణ నీళ్ల పైపు కోసం ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నది. బోరింగు నీళ్లలోని ఫ్లోరైడుకు ఆమె భర్త హన్మా నడుం వంగి కొయ్యబారిపోయింది. ఇప్పుడు కూతురి కాళ్లూ వంకర తిరుగుతున్నాయి. ఆమె తప్పల్లా బల్లి కోసం కాక మనుషుల కోసం అడగడమే.

సభ ఏర్పాటైంది. "ఎముకను బట్టి జంతువు ఏం తిన్నదో, ఎలా నడిచిందో చెప్పవచ్చు. దీనికి తల చిన్నది, పొట్ట పెద్దది. పచ్చగా కనిపించిందల్లా నమలకుండా మింగేది" అని శాస్త్రవేత్త వివరిస్తుంటే, వేదిక మీది పెద్దలు తమను పొగుడుతున్నారనుకుని చేతులు జోడించారు. ఆ తర్వాతే ఆయన నోరు జారారు. "మీ రాళ్లు మరీ పాతవి. ఇవి ఏర్పడేనాటికి లోకంలో ఎముకలున్న ప్రాణే లేదు."

వెంకటనర్సయ్య మైకు లాక్కున్నారు. "మా రాళ్లు పాతయైతే మా బల్లి గూడ సీనియరే గదా! సీనియర్‌ను పక్కకు వెట్టి ఆదిలాబాద్‌కు ఎట్లిస్తరు?"

చప్పట్లు మారుమోగాయి.

అప్పుడు గౌరీబాయి భర్త చేయి పట్టుకుని జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. "సారూ, రాయైన బొక్కల కోసం వచ్చిన్రంట గదా. జర ఈయన్ని సూడున్రి. పానం ఉండంగనే రాయైతున్నడు. నా బిడ్డ కూడ గిట్లనే అయితది. మంచినీళ్లిప్పియ్యున్రి."

శాస్త్రవేత్త హన్మా వెన్ను తడిమి చూశారు. "ఈ ఎముకలు కూడా చెబుతున్నాయి, ఏం తాగాయో. వెంటనే కృష్ణ నీళ్లు తెప్పించండి" అన్నారు. బతికున్న బొక్కలు ఎజెండాలో లేవని అధ్యక్షులు సవినయంగా గుర్తుచేశారు.

అయినా నీళ్లు వచ్చాయి. దొరకని బల్లికి బదులు ప్రభుత్వం మునగాల దగ్గర రోడ్డు పక్కన సిమెంటు బల్లిని మంజూరు చేసింది. దాని నోట్లోంచి నీళ్లు చిమ్మాలన్నారు. బోరింగు నీళ్లయితే సిమెంటు ఆరోగ్యం పాడవుతుందని ఇంజినీర్లు ఆందోళన వ్యక్తం చేయడంతో, వారం తిరక్కుండా కృష్ణ నీళ్ల పైపు వేశారు. అది గౌరీబాయి గుడిసె ముందు నుంచే పోయింది. అక్కడ ఆగమని ఎవరూ చెప్పలేదు.

ప్రారంభోత్సవం నాడు బిందెలతో వచ్చిన ఆలుమగలను వాచ్‌మన్ బల్లి చుట్టూ కట్టిన తాడు అవతలే ఆపేశాడు. వెంకటనర్సయ్యది జాలిగుండె. దగ్గరికి వెళ్లి పలకరించారు.

"ఏం హన్మా, ఎట్లున్నది మన బల్లి?"

హన్మా తల ఎత్తబోయాడు. చూపు బల్లి మోకాళ్లు దాటలేదు.

"కాళ్లు మంచిగున్నయ్ సేటూ. దీనికి తలకాయ ఉన్నదా?"

ఆ దారిన పోతూ బల్లి ముందు ఫొటో దిగనివారు లేరు. మీరూ దిగే ఉంటారు. వెనకాల బిందె పట్టుకుని వంగిన మనిషి అడ్డం వచ్చాడని, స్టూడియోలో ఆ అంచు కత్తిరించమని చెప్పే ఉంటారు.

ఫొటో చాలా బాగా వచ్చింది.