మనశ్శాంతి బిళ్ళలు

మా స్నేహితుల్లో ఒకడిని అందరూ నిదానం అంటారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది కానీ, అది అతను పూర్తిగా చెప్పేలోపు వినేవాళ్ళు వెళ్ళిపోతుంటారు. అందుకని మాకెవరికీ తెలియదు.

అతని ఉద్యోగం ఆటలు కల్పించడం. పిల్లలూ పెద్దలూ ఫోన్లలో ఆడుకునే ఆటలు. కంపెనీ చిన్నది. యజమానిని మేం తొందర అంటాం. ఆయన లిఫ్టు కోసం ఆగలేక మెట్లెక్కుతాడు. సగం ఎక్కాక, ఆయాసానికి ఆగలేక లిఫ్టు మీట నొక్కుతాడు.

ఒకరోజు తొందర నిదానాన్ని పిలిచి, "జనం బాగా అలిసిపోయి ఉన్నారయ్యా. మనశ్శాంతినిచ్చే ఆట ఒకటి కావాలి. నెలాఖరుకల్లా కావాలి. రాలేదంటే నీకు మనశ్శాంతి ఉండదు" అన్నాడు.

నిదానం ఆలోచించి ఒక ఆట అల్లాడు. ఆరు మూలల బిళ్ళలు. ఒక బిళ్ళ మీద ఏరు, ఒకదాని మీద బాట, ఒకదాని మీద చెట్లు, ఒకదాని మీద నాలుగిళ్ళు. ఏటికి ఏరు, బాటకి బాట కలిసేలా ఒక్కొక్కటే పక్కపక్కన పేర్చుకుంటూ పోతే ఒక ఊరి పటం తయారవుతుంది. అంతే. గెలుపు లేదు, ఓటమి లేదు, గడియారం లేదు. ఫోనులోకి ఎక్కించే ముందు అట్టముక్కలతో చేసి, ఆటల సంగతి తెలియని మనుషుల చేత ఆడించి చూడాలి.

సరిగ్గా అప్పుడే, మోకాలి ఆపరేషను చేయించుకున్న అత్తగారు విశ్రాంతికి కూతురింటికి వస్తున్నారని తెలిసింది.

నిదానం భార్య పళ్ళ డాక్టరు. ఖాళీ కనిపిస్తే పూడ్చడం, వదులైనదాన్ని పీకి పారేయడం ఆవిడ వృత్తి. ఇంట్లో ఆవిడ కంటికి వదులుగా కనిపించేది ఒక్క మొగుడే.

"అమ్మకి వెనక గది ఇద్దామండీ" అందావిడ.

"అందులో నేను పని చేసుకుంటున్నాను కదా!"

"నిన్న తలుపు తీసి చూస్తే నిద్రపోతున్నారు."

"మనశ్శాంతి ఆట కదా. పరీక్షిస్తున్నాను."

"ఆ పరీక్షేదో హాల్లో కూర్చుని రాయండి."

నిదానానికి ఆ గది ప్రాణం. ఇంటిలో కిటికీ, తలుపు, గడియ మూడూ సక్రమంగా పనిచేసే చోటు అదొక్కటే. "నేనొక మాట చెప్తాను" అన్నాడు. "అత్తయ్యగారికి మంచం హాల్లో వేద్దాం. అక్కడ గాలి బాగుంటుంది, మనుషులు కనిపిస్తుంటారు. ఆవిడే నోరు తెరిచి గది కావాలంటే, ఆ క్షణమే నా బల్ల బయటికి మోసుకొస్తాను."

"మాటే కదా?"

"మాటంటే మాటే."

ఆవిడ వెంటనే ఒప్పుకుంది. భార్య వెంటనే ఒప్పుకున్నప్పుడు మొగుడన్నవాడు భయపడాలి. నిదానం సంతోషించాడు.

అతని పథకం సులువైనదే. హాల్లో కిటికీ పక్కన భోజనాల బల్ల మీద బిళ్ళలు పోస్తాడు. అత్తగారు ఆటలో పడతారు. ఆటలో పడ్డ మనిషి గది అడగదు. ఇటు కంపెనీ పరీక్ష, అటు గది. ఒకే దెబ్బకి రెండు పిట్టలు.

అత్తగారు వచ్చారు. కుర్చీలో కూర్చుని, బిళ్ళల్ని కళ్ళజోడు లోంచీ పైనుంచీ కూడా చూశారు.

"వీటిని ఏం చెయ్యాలి నాయనా?"

"ఊరికే పేర్చడమే అత్తయ్యగారూ."

"పేరిస్తే ఏమొస్తుంది?"

"ఏమీ రాదు."

"ఎవరు గెలుస్తారు?"

"ఎవరూ గెలవరు."

"పోనీ ఎవరు ఓడతారు?"

"ఎవరూ ఓడరు."

అత్తగారు కూతురి వంక తిరిగి, "దీనికి జీతమిస్తున్నారుటే?" అని మెల్లగా అడిగారు.

కానీ చేతులు ఊరుకోవు కదా. ఒక ఏరు వేశారు. ఏటి పక్కన బాట వేశారు. బాట పక్కన నాలుగిళ్ళు వేసి, తీసి, ఏటికి దగ్గరైతే తేమ వస్తుందని కాస్త ఎగువన వేశారు. మధ్యాహ్నానికి బల్ల నిండిపోయింది.

నిదానం దగ్గరికి వెళ్ళి చూస్తే, ఊళ్ళు వేరు వేరుగా ఉండి, అన్నిటినీ ఒకే బాట కలుపుతోంది.

"ఇవేమిటి అత్తయ్యగారూ?"

"మీ మామగారివన్నీ బదిలీలే కదా. మేం కాపురమున్న ఊళ్ళు ఇవి. ఇదిగో, ఇక్కడ మీ ఆవిడ పుట్టింది. ఇక్కడ మా ఇంటి వెనక నిమ్మమొక్క పెట్టాను. ఎక్కడ ఏ మొక్క పెట్టినా పూత వచ్చే వేళకి సామాను సర్దుకోవడమే. ఏ ఊరికి ఆ ఊరు తెగిపోయింది. ఇలా ఒక బాట మీదికి తెచ్చుకుంటే బాగుందిలే." ఆవిడ ఒక బిళ్ళను వేలితో సరిచేసి అడిగారు. "వీటిని ఇక ఎవరూ ఖాళీ చెయ్యమనరు కదా?"

అతను రాసుకున్న నియమాల్లో ఆఖరిది: ఆట ముగిశాక బిళ్ళలన్నీ తీసి డబ్బాలో సర్దవలెను. నిదానం గదిలోకి వెళ్ళి ఆ వాక్యం కొట్టేశాడు. అతను ఆ ఉద్యోగంలో చేసిన పనులన్నిటిలోకీ అంత త్వరగా చేసింది మరొకటి లేదని మా నమ్మకం.

మర్నాటి నుంచి గొడవ మొదలైంది.

అత్తగారికి బిళ్ళలు చాలలేదు. నిదానం వంటింట్లో కూర్చుని చెప్పుల డబ్బాలు కోశాడు. మిక్సీ వచ్చిన అట్టపెట్టె కోశాడు. గోడకున్న పాత క్యాలెండరు అట్ట కోశాడు. పటం బల్ల దిగి కుర్చీల మీదుగా నేల మీదికి వచ్చింది. ఆవిడ కుర్చీ జరుపుకుంటూ, చేతికర్ర చివరతో చూపిస్తూ, "ఆ మూల అడవి వెయ్యి. ఊహూ, అంత ఒత్తుగా కాదు. మేకలు ఎలా పోతాయి?" అంటుంటే, నిదానం మోకాళ్ళ మీద పాకుతూ వేస్తున్నాడు. ఆపరేషను ఆవిడకి, అరుగుదల ఇతనికి.

పోనీ భార్య అయినా ఆదుకుంటుందనుకున్నాడు. క్లినిక్ నుంచి వచ్చినావిడ గుమ్మంలోనే ఆగి, "అక్కడ ఖాళీ ఉందేమిటి?" అంది. అంతే, భుజాన సంచి భుజానే ఉంది, వంగి కూర్చుంది. ఖాళీ పూడ్చింది. దాని పక్కన ఇంకో ఖాళీ కనిపించింది.

"ఏమోయ్, వంట?" అన్నాడు నిదానం చాలాసేపటికి.

"మనశ్శాంతిగా ఉన్నప్పుడు వంట మాటెత్తుతారేమండీ?"

"నాకు ఆకలేస్తోంది."

"ఆకలికి గడియారముండాలి. మీ ఆటలో గడియారం లేదుగా."

వంట నిదానమే చేశాడు. గిన్నెలు నిదానమే కడిగాడు. వడ్డించడానికి వస్తూ ఒక అడుగు తప్పు వేస్తే, తల్లీకూతుళ్ళు ఒక్క గొంతుతో "అడవి తొక్కారు!" అని అరిచారు. అప్పటి నుంచి అతను సొంత హాల్లో గోడకి వీపు ఆనించి, దొంగలా పక్కకి పక్కకి నడవడం నేర్చుకున్నాడు.

అయితేనేం, అత్తగారు గది ఊసెత్తలేదు. అదే అతనికి ఊరట.

ఈలోగా ఆవిడ కొడుక్కి ఫోను చేశారు. అతనికి పక్క ఊళ్ళో మందుల షాపు ఉంది. "మీ బావగారు రోజూ బిళ్ళలిస్తున్నారురా. అవి వేస్తూ కూర్చుంటే మోకాలి నొప్పే తెలియట్లేదు. నిన్న అడిగితే అప్పటికప్పుడు ఇంకో గుప్పెడు చేసిచ్చారు" అని మురిసిపోయారు.

పావుగంటలో నిదానానికి ఫోను వచ్చింది.

"బావా! అమ్మకి ఏవో బిళ్ళలిస్తున్నారట?"

"అవునోయ్. ఆవిడకి భలే పడ్డాయి."

"ఏ కంపెనీవి?"

"మా కంపెనీవే. ఇంకా బయటికి రాలేదు. ముందు మనుషుల మీద పరీక్షించాలి కదా."

"మా అమ్మ మీదా?"

"బయటివాళ్ళయితే మొహమాటపడతారు."

"అసలు ఎక్కడ తయారుచేస్తున్నారు?"

"వంటింట్లోనే."

"దేంతో?"

"చెప్పుల డబ్బాలతో."



"రోజుకి ఎన్ని?"

"ఎన్నైనా. పరిమితి లేకపోవడమే దీని ప్రత్యేకత. మొదట రెండు మూడుతో మొదలెట్టారు. ఇప్పుడు నిద్ర లేవగానే అడుగుతున్నారు."

"ఇబ్బందులేమీ లేవా?"

"మెడ కాస్త పట్టేస్తుంది. అన్నం సంగతి గుర్తుండదు. అంతకు మించి ఏం లేదు."

"ఇదంతా మా అక్కకి తెలుసా?"

"తెలియకపోవడమేమిటి, మీ అక్కా వేస్తోంది."

ఫోను ఠక్కున ఆగిపోయింది. సిగ్నలు పోయిందనుకున్నాడు నిదానం.

మర్నాడు పొద్దున్నే బావమరిది, రక్తపోటు చూసే మిషను చంకలో పెట్టుకుని ఊడిపడ్డాడు. బావకి పలకరింపు లేదు. నేరుగా తల్లి దగ్గరికి పోయి ఆవిడ కనురెప్పలు ఎత్తబోయాడు.

"పక్కకి జరగరా" అన్నారావిడ. "ఏట్లో నిలబడ్డావు."

పాపం అతని ముఖాన కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు.

"అమ్మా, ఏరెక్కడుందమ్మా?"

"కళ్ళు కనిపించట్లేదూ? నీ కాళ్ళ కింద! పైగా జోళ్ళతో!"

అతను అక్క వంక చూశాడు. ఆవిడ తల కూడా ఎత్తకుండా, "వంతెన మీదుగా రా" అంది.

అతను గోడ పట్టుకుని మెల్లగా కిందికి చూశాడు. ఏరు ఉంది. వంతెనా ఉంది. గోడ దగ్గర వీపు ఆనించుకుని, చేతిలో కాఫీ గ్లాసుతో, బావ కూడా ఉన్నాడు. సంగతి తెలిశాక అతను నవ్వలేదు, కోప్పడలేదు. జోళ్ళు విప్పి వచ్చి, "ఇక్కడో మందుల షాపు పెట్టకపోతే ఎలాగమ్మా?" అని కూర్చున్నాడు. వంట నలుగురికైంది.

ఆ సాయంత్రమే తొందర వచ్చాడు, ఆట చూడటానికి. ఒక బుగ్గ బూరెలా వాచి ఉంది.

"చూపించు, చూపించు. నాకు టైము లేదు" అంటూ లోపలికి దూకబోయాడు.

"చెప్పులు విప్పి, గోడ వారగా రండి" అన్నారు అత్తగారు.

ఆ గొంతుకి ఆయన ఆగాడు. చెప్పులు విప్పాడు. గోడ వారగా వచ్చాడు. ఆవిడ ఒక బిళ్ళ చేతికిచ్చారు. ఆయన దాన్ని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, ఒక చోట పెట్టబోయి వెనక్కి తీశాడు. జేబులో ఫోను మోగింది. చూడకుండానే నొక్కేశాడు. చివరికి చెట్ల పక్కన చెట్లు కలిపి, చేయి వెనక్కి తీసుకుని చాలాసేపు చూశాడు.

"ఇంకోటివ్వండి" అన్నాడు.

దీపాలు పెట్టే వేళకి ఆయన గొంతు సవరించుకుని చెప్పాడు. "అమ్మగారూ, ఈ పటం ఇలాగే ఉండాలి, ఎవరూ కదపకూడదు. మీరు మా కంపెనీలో చేరాలి. ఏ బిళ్ళ బాగుందో, ఏది బాగాలేదో మీరు సరేనంటేనే బయటికి పంపుతాం. ఇంట్లో కూర్చునే చెయ్యచ్చు."

అత్తగారు చేతిలో బిళ్ళ కింద పెట్టారు. కొంగుతో కళ్ళజోడు తుడుచుకున్నారు. "నాకా? ఈ వయసులో ఉద్యోగమా?" అని కొడుకు వంకా కూతురి వంకా చూశారు. తర్వాత, "బదిలీలుండవు కదా?" అన్నారు.

"ఉండవండీ."

"అయితే చేస్తాను. కానీ ఉద్యోగమన్నాక ఒక తలుపున్న గది కావాలి కదండీ. హాలంతా పటమే ఉందాయె."

నిదానం భార్య మొగుడి వంక చూసింది. ఆ చూపుకి అతను తనంత తానే లేచి, గోడ వారగా గదిలోకి నడిచాడు. బల్లకి ఒక వైపు అతను, రెండో వైపు బావమరిది.

వంటింటి వెనక సందులో బల్ల దించాక, అతనికి మెల్లగా ఒక అనుమానం మొలిచింది. భార్యని పక్కకి పిలిచాడు.

"అత్తయ్యగారిని ఉద్యోగంలో పెట్టుకోవాలని ఆయనకి ఎలా తట్టిందంటావు?"

"నేనే అడిగాను. మొన్న దవడపన్ను చూపించుకోవడానికి వచ్చారు. నోరు తెరిచి ఉండగా అడిగాను."

"ఏమన్నాడు?"

"'ఆ' అన్నారు. ఒప్పుకున్నారనుకున్నాను."

"మరి గది?"

"అది అమ్మే అడిగిందిగా. చెవులారా విన్నారు. మీరు మాటంటే మాటే అన్న రోజే అమ్మకి ఫోను చేసి, గది సంగతి నేను చెప్పేదాకా ఎత్తకు, ఈలోగా బిళ్ళలు మాత్రం అడిగినన్ని చేయించుకో అని చెప్పాను. హాలు నిండాక అడిగితే మీకు మరో దారుండదుగా. చెప్పకపోయినా చేయించుకునేదే అనుకోండి." ఆవిడ చీపురుతో ఆ సందు మూల దులిపి, అతనికి కుర్చీ వేసి వెళ్ళింది.

ఆట బయటికొచ్చింది. బాగానే ఆడుతున్నారు జనం. మొన్న మేం నిదానాన్ని చూడటానికి వెళ్ళాం. హాల్లో గోడ వారగా నడిచి, వంటింట్లోంచి సందులోకి చేరాం. బట్టలుతికే మిషనుకీ గోడకీ మధ్య ఇరుక్కుని అతను కొత్త బిళ్ళలు గీస్తున్నాడు. మిషను గడగడలాడుతోంది, దాంతో పాటు బల్ల, బల్లతో పాటు అతనూ. గీసిన ఏరు తిన్నగా రావడం లేదు.

"ఇక్కడెలా పనిచేస్తున్నావోయ్?" అని అడిగాం, అరిచి.

అతను జవాబు మొదలుపెట్టేలోపు వెనక గది తలుపు కొంచెం తెరుచుకుంది.

"నాయనా, ఆ చప్పుడు కాస్త ఆపించు" అన్నారు అత్తగారు. "ఇక్కడ పని చేసుకునేవాళ్ళున్నారు."